పొయిరోకి అంత కోపం ఎందుకు?

అగాథా క్రిస్టీ ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’లో హంతకులెవరన్నది ఇప్పుడు పెద్ద రహస్యమేం కాదు. 1934లో నవల, 1974లో ఒక సినిమా, 2017లో ఇంకో సినిమా. అయినా ఇన్నాళ్ళూ ఆ ముగింపు చెవిన పడకుండా కాపాడుకుంటూ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇక్కడితో ఆపి ముందు ఆ నవల చదివి రండి. ఎందుకంటే నేను మాట్లాడబోయేదంతా ఆ ముగింపు గురించే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, డేవిడ్ సుషే పొయిరోగా వేసిన టీవీ సీరీస్‌లో 2010లో వచ్చిన ఆ కథ ఎపిసోడ్ గురించీ, దాన్ని చూసి జనం రెండుగా చీలిపోవడం గురించీ.

ఆ సీరీస్ 1989లో మొదలై 2013లో ముగిసింది. మొత్తం 70 ఎపిసోడ్లు. మొదటి పదేళ్ళూ అది హాయిగా టీ తాగుతూ చూసే వ్యవహారం. మీసాలు దువ్వుకునే పొట్టి బెల్జియన్, అమాయకపు హేస్టింగ్స్, ఎప్పుడూ ఒక అడుగు వెనకబడే ఇన్‌స్పెక్టర్ జాప్. శవం ఉంటుంది కానీ రక్తం పెద్దగా కనిపించదు. చివర్లో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి పొయిరో లెక్క తేలుస్తాడు, మనం కంప్యూటర్ మూసేసి నిద్రపోతాం. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఎపిసోడ్ ఆ హాయిని మొదటి నిమిషాల్లోనే చెడగొడుతుంది. పొయిరో ఒక సైనికాధికారి చెప్పిన అబద్ధాన్ని బయటపెడతాడు. ఆ అధికారి అక్కడే, పొయిరో కళ్ళముందే, తుపాకీతో కాల్చుకుంటాడు. ఆ తర్వాత ఇస్తాంబుల్ వీధిలో వ్యభిచారం నేరం మోపిన ఒక స్త్రీని జనం వెంటాడి రాళ్ళతో కొడతారు. అది వేరే సమాజపు న్యాయం, మనం కలగజేసుకోకూడదు అన్న ధోరణిలో మాట్లాడతాడు పొయిరో. ఈ దృశ్యాలేవీ ఇలా క్రిస్టీ నవలలో లేవు. రైలెక్కేముందే ఈ ఎపిసోడ్ తన ప్రశ్న అడిగేసింది: ఒక గుంపు కలిసి ఒకరిని శిక్షిస్తే దాన్ని ఏమనాలి?

ఆ తర్వాత మనకు తెలిసిన కథే. మంచులో రైలు ఆగిపోతుంది. రాచెట్ అనే అమెరికన్ ఒంటిమీద పన్నెండు కత్తిపోట్లతో చచ్చిపడి ఉంటాడు. అతని అసలు పేరు కసెట్టి. అమెరికాలో డైసీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పసిపిల్లను ఎత్తుకెళ్ళి, డబ్బు తీసుకుని, చంపేసిన ముఠాకి నాయకుడు. ఆ దుఃఖంలో పిల్ల తల్లి చనిపోయింది, కడుపులో బిడ్డా దక్కలేదు. తండ్రి కాల్చుకున్నాడు. పోలీసులు అనవసరంగా అనుమానించిన ఒక పనిపిల్ల ఆత్మహత్య చేసుకుంది. కసెట్టి మాత్రం డబ్బుతో, పలుకుబడితో కోర్టునుంచి బయటపడ్డాడు. రైలుపెట్టెలో ఉన్న పన్నెండు మందీ ఆ కుటుంబానికి సంబంధించినవాళ్ళే. తలా ఒక పోటు. పన్నెండు మంది జ్యూరీ అన్నమాట.

నవలలో పొయిరో రెండు పరిష్కారాలు చెప్తాడు. ఎవరో బయటివాడు ఎక్కి, చంపి, దిగి వెళ్ళిపోయాడన్నది ఒకటి. పన్నెండు మందీ కలిసి చంపారన్నది రెండోది. రైల్వే కంపెనీ డైరెక్టరూ, డాక్టరూ మొదటిదే నిజమని ఒప్పుకుంటారు. పొయిరో మర్యాదగా తప్పుకుంటాడు. 1974 సినిమాలో అయితే చివర్లో హంతకులంతా ఒకరికొకరు గ్లాసులు తాకించుకుంటారు. విందు వాతావరణం. 2010 ఎపిసోడ్‌లో పొయిరో అరుస్తాడు. గొంతు చించుకుని అరుస్తాడు. చట్టాన్ని మీ చేతుల్లోకి తీసుకునే హక్కు మీకెవరిచ్చారని, చట్టం ఓడిపోయినంత మాత్రాన దాన్ని కిందపడేస్తారా, ఇంకా ఎత్తి పట్టుకోవాలి కదా అని. చివరికి పోలీసులకి ఆ అబద్ధమే చెప్తాడు. చెప్పి, మంచులో నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. చేతిలో జపమాల, కళ్ళల్లో నీళ్ళు.

*

ఈ ముగింపు నచ్చనివాళ్ళు చాలామంది. వాళ్ళ ఫిర్యాదులు విన్నాను, చదివాను, మా ఆఫీసులో మధ్యాహ్న భోజనాల దగ్గర వాదించాను కూడా. మొత్తం మీద అవి మూడు రకాలు. మొదటిది: మా పొయిరో ఇలా అరవడు, ఆయన మర్యాదస్తుడు, ఈ భక్తీ జపమాలా ఎక్కణ్ణుంచి వచ్చాయి? (పొయిరో కాథలిక్ అని క్రిస్టీయే రాసింది. సీరీస్ దాన్ని ముందుకు తెచ్చిందంతే.) రెండోది: సరదా కథని ఎందుకింత చీకటి చేశారు? మూడోది అన్నిటికన్నా నిజాయితీ ఉన్నది: పసిపిల్లని చంపినవాడు చచ్చాడు, దానికి ఇంత ఏడుపెందుకు?

ఆ మూడోదాన్ని మా ఊళ్ళోనే, ఎక్కడా తడబాటు లేకుండా విన్నాను. మాది మాడుగుల. చోడవరం దాటి వస్తే, కొండల కింద, హల్వాకి పేరుపడ్డ ఊరు. ఒక సంక్రాంతి సెలవుల్లో ఈ ఎపిసోడ్‌ని ల్యాప్‌టాప్‌నుంచి టీవీకి కలిపి పెట్టి, ఇంగ్లీషు అందనివాళ్ళకి నేనే పక్కన కూర్చుని కథ చెప్పాను. ముగింపు అయ్యాక మా పెద్దమ్మ అంది:

“పసిగుంటని సంపినోడికి అంతకన్నా ఏటి సెయ్యాలి? మంచి పనే సేసినారు. ఆ మీసాలాయన ఎందుకలాగ ఏడుస్తన్నాడు?”

డిగ్రీ చదువుతున్న మా పిన్ని కూతురికి ఇంకో చోట ఇబ్బంది కలిగింది. “అన్నయ్యా, ఆ చచ్చేవాడు భయపడుతూ ప్రార్థన చేసుకునే సీన్ పెట్టకుండా ఉండాల్సింది. అది చూశాక నాకు వాడు చచ్చినందుకు సంతోషం సరిగ్గా రాలేదు.”

మా మావయ్య చాలా ఏళ్ళు కోర్టు దగ్గర ప్లీడరు గుమాస్తాగా చేసి మానేశాడు. ఆయన సందేహం మా ఎవరికీ రాలేదు.

“అదంతా బాగానే ఉంది గానీ అల్లుడూ, ఆ పోలీసోళ్ళకి ఇచ్చిన స్టేట్‌మెంటు కింద సంతకం ఎవులు పెట్టినారు? బయటోడెవడో ఎక్కి పొడిసేసినాడని రాసీసినారు కదా. రేప్పొద్దున ఆ పోలికలతో ఎవుడైనా దొరికితే? ఆణ్ణి పట్టుకుని లోపలేసీరా?”

ఈ మూడు మాటల చుట్టూనే ఈ వ్యాసం తిరుగుతుంది. పెద్దమ్మది న్యాయం గురించిన ప్రశ్న. చెల్లిది చూసేవాళ్ళ సంతోషం గురించిన ప్రశ్న. మావయ్యది కాగితం గురించిన ప్రశ్న. పైకి చిన్నగా కనిపించే ఆ మూడోదే నాకు అన్నిటికన్నా పెద్దదనిపిస్తుంది.

*

ముందు పెద్దమ్మ ప్రశ్న. వాడు చచ్చాడు, ఏం పోయింది?

ఈ మాట అనడానికి మనకున్న ధైర్యమంతా ఒకే ఒక్క చోటునుంచి వస్తుంది: కసెట్టియే హంతకుడని మనకు కచ్చితంగా తెలుసు. ఎలా తెలుసు? రచయిత్రి చెప్పింది కాబట్టి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఈ నవలలో ప్రతి చిన్న విషయాన్నీ పొయిరో అనుమానిస్తాడు. రుమాలు మీది అక్షరాన్ని అనుమానిస్తాడు. పైపు శుభ్రం చేసే పుల్లని అనుమానిస్తాడు. ఒంటిగంటా పదిహేను నిమిషాల దగ్గర పగిలి ఆగిపోయిన గడియారాన్ని మరీ అనుమానిస్తాడు. అంత చక్కగా, అంత అందుబాటులో దొరికిన సాక్ష్యాన్ని ఎవరో మనకోసమే పెట్టి ఉంటారని ఆయన అనుభవం. కానీ కసెట్టి నేరం మాత్రం? అదొక్కటే విచారణ లేకుండా దాటిపోతుంది. ఒక పేరాలో పొయిరో చెప్తాడు, మనం నమ్ముతాం. పుస్తకం మొత్తంలో డిటెక్టివ్ పరిశోధించని నేరం అదే. మిగతా భవనమంతా దానిమీదే నిలబడింది.

నిజజీవితంలో ఈ సౌకర్యం ఉండదు. క్రిస్టీకి ఈ కథ ఊహ తగిలింది లిండ్‌బర్గ్ కేసునుంచి. 1932 మార్చి 1న, విమానయానంలో ప్రపంచ ప్రసిద్ధుడైన చార్లెస్ లిండ్‌బర్గ్ కొడుకుని, ఇంకా రెండేళ్ళు నిండని పిల్లవాణ్ణి, ఎత్తుకెళ్ళి చంపేశారు. ఆ ఇంటి బంధువుల దగ్గర పనిచేసే వయొలెట్ షార్ప్ అనే అమ్మాయిని పోలీసులు పదేపదే ప్రశ్నించారు. ఆమె విషం తాగి చనిపోయింది. ఆమెకు నేరంతో సంబంధం లేదు. క్రిస్టీ నవల 1934 జనవరిలో వచ్చేనాటికి అసలు ఆ హత్యానేరం మీద ఎవర్నీ అరెస్టు చెయ్యలేదు. ఆ సెప్టెంబరులో బ్రూనో హాప్ట్‌మన్ అనే వడ్రంగిని పట్టుకున్నారు, 1936లో విద్యుత్ కుర్చీలో చంపారు. చివరిదాకా అతను తను చెయ్యలేదనే అన్నాడు. దాని మీద వాదనలు ఇప్పటికీ ముగియలేదు, పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. అంటే కల్పనలో హంతకుడు ఎవరో పూర్తిగా తేలిపోయాడు, ఆ కల్పనకి మూలమైన కేసులో శిక్ష పడ్డాక కూడా తేలలేదు.

ఆ పన్నెండు మందిలో రైలు కండక్టర్ పియర్ మిషెల్ ఉంటాడు గుర్తుందా? నవలలో అతను, అనుమానం భరించలేక చనిపోయిన ఆ పనిపిల్ల తండ్రి. అతని కూతుర్ని చంపింది కసెట్టి ఒక్కడే కాదు. ‘ఈమెకి తప్పకుండా సంబంధం ఉండి ఉంటుంది’ అని పోలీసులకి కలిగిన నమ్మకం కూడా. అలాంటి నమ్మకానికే కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, ఇంకో నమ్మకంతో కత్తి పట్టుకున్నాడు. ఈ సంగతి మీద క్రిస్టీ ఆగదు. మనం ఆగొచ్చు.

*

ఇప్పుడు చెల్లి ప్రశ్న. సంతోషం సరిగ్గా రాకపోవడం.

2019 డిసెంబరు 6 ఉదయం. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. ‘దిశ’ అని మనం పిలుచుకున్న యువ వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం, హత్య జరిగి అప్పటికి పదిరోజులు కూడా కాలేదు. ఆ కేసులో నిందితులు నలుగుర్నీ తెల్లవారకముందే అక్కడికి తీసుకెళ్ళారు, నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కున్నారు, రాళ్ళు రువ్వారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నది పోలీసుల కథనం. కాసేపటికే జనం అక్కడికి చేరి పోలీసుల మీద పూలు చల్లారు. టపాకాయలు కాల్చారు. మిఠాయిలు పంచారు. నేనున్న వాట్సప్ గ్రూపులన్నీ చప్పట్ల బొమ్మలతో నిండిపోయాయి.

ఆ గ్రూపుల్లో ఒకటి, ప్రతి శుక్రవారం ఒక డిటెక్టివ్ సినిమానో సీరీసో ఎంచుకుని చూసే మా స్నేహితులది. అదే నన్ను ఇప్పటికీ వదలని విషయం. మేము గడియారం ఒంటిగంటంపావు దగ్గర ఆగిందంటే నమ్మనివాళ్ళం. బట్లర్ చెప్పిన టైముకీ వంటమనిషి చెప్పిన టైముకీ రెండు నిమిషాలు తేడా ఉంటే ఎపిసోడ్ ఆపి వాదించుకునేవాళ్ళం. అలాంటివాళ్ళం, కాపలాలో ఉన్న నలుగురూ ఒకేసారి తిరగబడ్డారు, నలుగురూ చనిపోయారు అంటే, ఆ ఉదయం ఒక్క ప్రశ్న కూడా అడగాలనిపించలేదు గ్రూపులో. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ నాయకత్వంలో కమిషన్ వేసింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని అది తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని చెప్పింది. ఆ రోజు గ్రూపు నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ చప్పట్లు వెనక్కి తీసుకోలేదు, ఎవరూ మాట్లాడలేదు.

ఆ నలుగురూ నిర్దోషులని నేను అనడం లేదు. ఆ సంగతి తేల్చే పద్ధతి ఒకటుండేది, దాన్ని ఆ ఉదయం మూసేశారు అంటున్నా. మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. సిస్టమ్ కూలిపోయినప్పుడు మూలకారణం వెతక్కుండా, సర్వర్ రీస్టార్ట్ చేసి ‘సమస్య పరిష్కారమైంది’ అని టికెట్ మూసేస్తే అప్పటికి అందరికీ ఊపిరాడుతుంది. కానీ ఆ రీస్టార్ట్‌తో పాటు లాగ్స్ కూడా పోతాయి. ఏం జరిగిందో చెప్పగలిగే ఆధారాలన్నీ చెరిగిపోతాయి. ఎన్‌కౌంటర్ కూడా అలాంటిదే. నేరంతోపాటు నేరం గురించి తెలుసుకోగల అవకాశం కూడా చచ్చిపోతుంది. ఆమెకి అసలు ఏం జరిగింది, ఎవరెవరు ఏం చేశారు, ఆ రాత్రి ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళిన కుటుంబాన్ని ఎందుకు తిప్పారు అన్న ప్రశ్నలు, ఒక బహిరంగ కోర్టులో ఒక్కొక్కటిగా తేలాల్సినవి, పూలకింద పడిపోయాయి.

చూసేవాళ్ళకి సంతోషం ఇవ్వడం సినిమా పని. మనకి ఆ సంతోషం బాగా అలవాటు. 1985లో ‘ప్రతిఘటన’ చివర గొడ్డలి లేస్తే చప్పట్లు కొట్టాం. ‘ఠాగూర్’కి కొట్టాం, ‘అపరిచితుడు’కి కొట్టాం. 2014లో ‘దృశ్యం’ చూస్తూ, ఆ శవం ఎక్కడుందో పోలీసులకి తెలియకూడదని హాలు హాలంతా కోరుకున్నాం. అందులో తప్పేం లేదు. కల్పనలో మనకి నిజం ముందే తెలుసు కాబట్టి పక్షం తీసుకునే హక్కు ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ హక్కుని టికెట్‌తో పాటు హాల్లోనే వదిలేసి రాకుండా జేబులో వేసుకుని బయటికి తెచ్చుకుంటాం. 2010 ఎపిసోడ్ చేసిన గొప్ప పని ఇదే. హాల్లో ఉండగానే ఆ జేబు తడిమి చూపిస్తుంది. చచ్చేవాడి భయం చూపించి, చంపేవాళ్ళ చేతులు చూపించి, ‘సరే, ఇప్పుడు సంతోషించు’ అంటుంది. మా చెల్లికి ఆ సంతోషం రాలేదు. సీన్ అక్కడ సరిగ్గా పనిచేసిందన్నమాట.

*

ఇంతవరకూ వచ్చాక, అవతలి పక్షం చెప్పే గట్టి మాట ఒకటుంది. దాన్ని తప్పించుకుపోవడం అన్యాయం. చట్టాన్ని ఎత్తిపట్టుకోమని అరవడం పొయిరోకి సులువు. చట్టం ఎవర్ని ఎప్పుడూ పట్టించుకోలేదో వాళ్ళతో ఆ మాట అనగలడా?

మా ఊరు మాడుగుల అని చెప్తే చాలామంది జి.మాడుగుల అనుకుంటారు. మాది కొండ కింద, అది పాడేరు అవతల కొండ మీద. ఆ జి.మాడుగుల మండలంలోనే వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని ఆ ఊరి కోందు ఆదివాసీ స్త్రీలు పదకొండు మంది చెప్పారు. కేసు ముందుకు సాగడానికే ఏళ్ళు పట్టింది. హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలో ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసుల్నీ నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో, దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పుబట్టింది. ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. పదహారేళ్ళ తర్వాత వచ్చిన జవాబు ఇది: నేరం రుజువు కాలేదు, ఎందుకంటే రుజువు చెయ్యాల్సిన పని ఎవరూ సరిగా చెయ్యలేదు.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులు చెప్పుకునే సమర్థన ఇక్కడ ఇంకా బలంగా వర్తిస్తుంది. వ్యవస్థ విఫలమైంది. డబ్బూ పలుకుబడీ కాదు, ఏకంగా వ్యవస్థే అవతలి పక్షంలో ఉంది. మరి వీళ్ళ తరఫున నిలబడేవాడు పన్నెండు కత్తుల్ని ఒప్పుకోవాలా?

నాకు సరిగ్గా ఉల్టా అనిపిస్తుంది. ఆ రైలుపెట్టెలో ఎవరున్నారో చూడండి. ఒక రష్యన్ రాకుమారి. ఒక హంగేరియన్ కౌంటు, ఆయన భార్య. ఒక బ్రిటిష్ కర్నల్. అమెరికాలో పేరుమోసిన నటి. వంటమనిషి, పనిమనిషి, డ్రైవరు కూడా ఉన్నారు, నిజమే. కానీ ఆ పథకం నడిచింది పైవాళ్ళ డబ్బుతో, పరపతితో. యూరప్‌లో అన్నిటికన్నా ఖరీదైన రైల్లో ఒక పెట్టె మొత్తం తమవాళ్ళతోనే నింపుకోగలిగారు. కసెట్టి కోర్టుని కొన్నాడు, వీళ్ళు పెట్టెని కొన్నారు. సొంత న్యాయం ఎప్పుడూ స్తోమత ఉన్నవాళ్ళదే. తుపాకీ ఉన్నవాళ్ళదే. చట్టం పక్కకి తప్పుకుంటే ఆ ఖాళీలోకి వచ్చేది వాకపల్లి స్త్రీలు కాదు. వాళ్ళు ఎవరిమీద ఫిర్యాదు చేశారో, వాళ్ళలాంటివాళ్ళే ముందు వస్తారు. చటాన్‌పల్లిలో మనం పూలు చల్లి అప్పగించిన అధికారం ఏది? తుపాకీ పట్టుకున్నవాడు చెప్పిందే కథ, అడిగేవాడు లేడు అన్న అధికారం. దాన్ని నగరం దగ్గర దేవుడి వరంలా చూసి, కొండమీద మాత్రం అన్యాయం అనడం కుదరదు. రెండు చోట్లా అది ఒకటే.

ఆ పదకొండు మందీ కత్తులు పట్టుకోలేదు. పదహారేళ్ళు కోర్టు మెట్లెక్కి వాళ్ళు అడిగిందల్లా ఒక డిటెక్టివ్ కథలో మొదటి పేజీలోనే జరిగిపోయే పని. ఎవరైనా వచ్చి, ఏం జరిగిందో అడిగి, ఆధారాలు సేకరించి, సరిగ్గా రాయమని. చట్టం కిందపడితే ఇంకా ఎత్తి పట్టుకోవాలి అన్న పొయిరో మాట ఆయన నోట ఉపన్యాసంలా వినిపిస్తుంది. ఆ స్త్రీలు దాన్ని చేసి చూపించారు. చట్టం వాళ్ళ బరువు మొయ్యలేదు. వాళ్ళే చట్టం బరువు మోశారు.

*

అయితే మరి పొయిరో అబద్ధం ఎందుకు చెప్పాడు? అంత అరిచినవాడు వాళ్ళని పోలీసులకి అప్పగించాలి కదా? ఎపిసోడ్ నచ్చినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. కొందరిది ‘ఆయన చివరికి వాళ్ళతో ఏకీభవించాడు’ అన్న వాదన. నేను ఒప్పుకోను. క్షమించడం వేరు, సమర్థించడం వేరు.

షెర్లాక్ హోమ్స్ టీవీ సీరీస్‌లో, జెరెమీ బ్రెట్ చేసిన ‘బ్లూ కార్బంకల్’ (1984) చూడండి. రత్నం దొంగిలించిన రైడర్ కాళ్ళమీద పడి ఏడుస్తాడు. హోమ్స్ అతన్ని ఛీ కొట్టి, వెళ్ళిపోమంటాడు. జైలుకి పంపితే జీవితాంతం జైలు పక్షి అవుతాడని, ఎలాగూ అది క్రిస్మస్ కాలమని. రైడర్ చేసింది మంచి పని అని హోమ్స్ ఒక్కక్షణం కూడా అనడు. పైగా, అన్యాయంగా జైల్లో ఉన్న హార్నర్ బయటికొస్తాడా లేదా అన్నది ముందు చూసుకుంటాడు. అది క్షమ. ముందు నేరాన్ని నేరం అని పేరు పెట్టి పిలవాలి. తర్వాత వేరేవాడు దానికి బలికాకుండా చూడాలి. ఆ తర్వాతే వదిలెయ్యాలి.

ఈ కొలతతో చూస్తే 1974 సినిమాలో ఉన్నది సమర్థన. 2010లో ఉన్నది క్షమ, అదీ ఎంతో కష్టంమీద. ఆయన అరుపు అందుకే అవసరం. అరవకుండా వదిలేస్తే ఆ పన్నెండు మందీ తాము చేసింది న్యాయమని నమ్మి దిగిపోతారు. అరిచి వదిలేశాడు కాబట్టి తాము చేసింది హత్యేనని, ఒకాయన దయవల్ల బయటపడ్డామని తెలిసి దిగుతారు. ఆ దయకి ఖరీదు ఆయన కట్టాడు. ఆ జపమాల ఆ రసీదు.

ఇక్కడే మావయ్య ప్రశ్న మళ్ళీ అడ్డం వస్తుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రైల్వే యూనిఫాం వేసుకున్న బయటివాడొకడు చంపి పారిపోయాడని రికార్డులోకి ఎక్కింది. ఆ పోలికలున్న ఎవడో పేదవాణ్ణి రేపు యుగోస్లావియా పోలీసులు పట్టుకుంటే? హోమ్స్ హార్నర్ సంగతి చూసుకున్నాడు. పొయిరో ఆ ఊహా హంతకుడి సంగతి చూసుకోలేదు. దయ చూపించేటప్పుడు ఆ దయ ఎవరి ఖాతాలోంచి పోతోందో చూడడం గుమాస్తాల పని. అందుకే కథల్లో వాళ్ళు కనిపించరు, కోర్టుల్లో మాత్రం వాళ్ళు లేకుండా పని జరగదు.

సీరీస్ చివరి ఎపిసోడ్ ‘కర్టెన్’ (2013) ఈ లెక్కని ఇంకా చిక్కు చేస్తుంది. అందులో నార్టన్ అనేవాడు తను చెయ్యి చేసుకోకుండా, మాటలతో మనుషుల్ని రెచ్చగొట్టి హత్యలు చేయిస్తుంటాడు. చట్టం అతన్ని ఏమీ చెయ్యలేదు. చివరికి ముసలి పొయిరో తనే అతన్ని కాల్చి చంపుతాడు. రైల్లో అరిచినాయనే! ఇది వంచన కాదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. తేడా ఒకటి ఉంది. పొయిరో తన నేరాన్ని కాగితం మీద రాసిపెట్టి వెళ్తాడు. తను చేసింది సరైనదో కాదో తనకే తెలియదంటాడు. గుండె మందు అందుబాటులో లేకుండా చేసుకుని, దేవుణ్ణి క్షమాపణ అడుగుతూ చనిపోతాడు. పంచుకునే గ్లాసులు లేవు, పూలు లేవు. అయినా ఆయన చేసింది ఒప్పని నేను అనలేను. అలా అనమని ఆయన కూడా అడగడు.

1993లో దూరదర్శన్‌లో బాసు ఛటర్జీ తీసిన ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’ మనలో చాలామందికి మొదటి టీవీ డిటెక్టివ్. 2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ వేశారు. ఆయన తనని డిటెక్టివ్ అనొద్దంటాడు, సత్యాన్వేషి అనమంటాడు. న్యాయమూర్తి అనమనలేదు, శిక్షించేవాడు అనమనలేదు. ఆ పేరులో ఒక క్రమం ఉంది. ముందు నిజం, మిగతావన్నీ దాని తర్వాతే. శిక్షా, క్షమా, ప్రతీకారం, ఏది కావాలన్నా ముందు ఏం జరిగిందో తెలియాలి. ఎక్కువ ఎపిసోడ్లు చూసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానీ చటాన్‌పల్లి ఉదయం అది మనకి గుర్తురాలేదు. వాకపల్లి కేసులో ఆ మొదటి పనే జరగలేదని తీర్పే చెప్పింది. ఆ పదకొండు మంది చెప్పింది సరిగ్గా విని రాసుకోవాల్సిన కాగితం మీద, ఎవరు ఏం చేశారన్న గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.